నీలం డ్రమ్ము

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన
పాత సామాన్ల వాడి దగ్గర నూటరవైకి కొన్నాను.
నిలువునా రెండు తొట్లుగా కోసినందుకు ఇంకో ముప్పై.
మూడుసార్లు కడిగాను,
తోతాపురి వాసన పోలేదు.
గండుచీమలు మిద్దె మెట్లెక్కి వరస కట్టినాయి,
వాటికెవరు చెప్పినారో.

మా పనికి ఏడాదిలో మూడే నెలలు.
టోపీ, గ్లవ్స్, రాత్రి షిఫ్టు,
టెంకె ఒక పక్కకు, తొక్క ఒక పక్కకు,
మణికట్టు మీద సొన కాలిన మచ్చలు.
ఆషాఢం దాటితే దొరసామి మేస్త్రీ రిజిస్టరు మూసేస్తాడు.
"మళ్లీ రోహిణి కార్తెకు రామ్మా" అంటాడు,
అందాకా కడుపుకు కూడా సెలవిచ్చినట్టు.

డ్రమ్ముకు ఆ లెక్క తెలీదు.

చెరువు పూడిక మన్ను రెండు సంచులు
ఖుర్షీదా స్కూటీ మీద గిరింపేట దాకా మోసింది.
తొట్లు రెండు, పెయింటు బకెట్లు ఏడు,
చేపలంగడి థర్మాకోల్ పెట్టె,
అడుగు మాడిన ఇడ్లీ గుండాన.
మా పాపకు నీళ్లు పోసిన టబ్బులో ఇప్పుడు గోంగూర కూర్చుంది.
పాపకు పద్నాలుగు,
అది తన టబ్బని చెబితే సిగ్గు.

చైత్రంలో మిద్దె పెనం.
వాటర్ ట్యాంకు నీడ పొద్దున ఒక వైపు, మాపటికి ఇంకో వైపు.
నీడ ఎటు జరిగితే అటు బకెట్లు జరుపుతాను,
నడుము నన్ను తిడుతుంది.
పైపులో నీళ్లు టీ పెట్టుకునేంత కాగి వస్తాయి,
మొదటి రెండు చెంబులు గచ్చుకే.
బియ్యం కడుగు వంగకు, పప్పు కడుగు మిరపకు.
తులసికి మాత్రం ఎప్పుడూ మంచినీళ్లే,
మా అత్త పోయినా ఆమె భయం పోలేదు.

షిఫ్టు నెలల్లో తెల్లారుజామున దిగి
యూనిఫాం విప్పకుండానే మిద్దెక్కుతాను.
ఆరుద్ర చినుకులకు చల్లిన సిరాకు
మూడు వారాలకు పులగూర.

కార్తీకంలో తుపాను, రెండు రాత్రులు.
తొట్టి నిండి మిరప వేళ్లు కుళ్లినాయి.
తప్పు నాదే, అడుగున బొక్కలు వేయలేదు.
మేకు ఎర్రగా కాల్చి పదకొండు పొడిచాను.
ఆ నీళ్లన్నీ చెంగల్రాయులన్న గోడ మీద దిగి మచ్చ పడింది.
"ఏనుగు మాదిరి ఉంది" అనింది పాప.
ఇల్లు ఆయనది, నవ్వలేదు.

ధనుర్మాసం మంచుకు
అనప తీగ బట్టలారేసే తీగెక్కింది.
మా బట్టలు కిటికీ ఊచలకు పోయినాయి.
కాయ తుంచితే వేళ్లకు జిడ్డు, ఆ జిడ్డులోనే వాసన.
రాత్రి నానేసి, పొద్దున బొటనవేలితో నొక్కితే
పప్పు ఎగిరి గిన్నెలో, గిన్నె దాటి పాప పుస్తకంలో.
పితికిపప్పు కూర ఒక గిన్నెడు కిందింటికి పంపాను.
ఆ నెల గోడ మాట రాలేదు.

మాఘంలో బీరకు జాగా చేద్దామని
రెండో తొట్టి కదిపితే
రాగి రంగు ఆకులు నాలుగు.
ఎరువుకని తెచ్చిన తొక్కల్లో
టెంకె ఒకటి దాక్కుని వచ్చినట్టుంది.
మూడు నెలలు వేలకు వేలు చీల్చి పారేస్తాను,
ఒకటి తప్పించుకుని
నా ఇంటికే వచ్చి మొలిచింది.

దానికొక సెంటు నేల నా పేరున లేదు.
వేరు పోయి ప్లాస్టిక్కుకు తగులుతుంది,
తగిలి పక్కకు తిరుగుతుంది,
నిద్ర రాని మనిషి మిద్దె మీద తిరిగినట్టు.
ఇప్పుడు నా భుజం దాకా ఉంది.
బీర ఆ ఏడు వేయలేదు,
ఆ తరవాతేడూ వేయలేదు.

"పీకెయ్ మా, స్లాబు పగుల్తుంది"
అంటాడు చెంగల్రాయులన్న.
"పీకేస్తాలే అన్నా, ఎండలు పోనీ" అన్నాను.
ఎండలు పోయినాయి.
"వానలు పోనీ" అన్నాను.
నిన్న మళ్లీ మెట్లెక్కి వచ్చినాడు.

"అనపకాయలు అయిపోనీ అన్నా."

ఆయన తీగ వైపు చూసినాడు,
కాయలింకా లేతవే.
"సరేలే" అని
దిగిపోయినాడు.